మునగలేదు, ముంచాను

ఆ శనివారం పొద్దున గడియారాలాయనకు ఉన్న పనులు రెండే. దుకాణం తెరిచి మూడు గోడగడియారాలు బాగుచేయడం ఒకటి, ఏటివైపు పోకుండా తనను తాను పట్టుకోవడం రెండోది. ఏట్లో ఆయన పడవ మునిగి ఉంది. ఆయనే ముంచాడు.

అది పాతకాలపు తెరచాప పడవ. ఇరవై ఏళ్ళుగా ఒక రేకుల షెడ్డులో ఎండుతుంటే ముచ్చటపడి కొన్నాడు. అప్పట్లో పలకల సందుల్లోంచి ఎండ చారలు చారలుగా లోపలికి పడేది. ఏడాదిపాటు కంటికి భూతద్దం పెట్టుకుని ఒక్కో సందూ శుభ్రం చేశాడు. భార్య నూనె పట్టించిన నూలు అందిస్తుంటే సందుల్లో కూరాడు. చివరికి పడవలు చేసే ముసలి వడ్రంగి వచ్చి చూసి, ఎండిన కొయ్య నీళ్ళు తాగి ఉబ్బితేగానీ సందులు పూర్తిగా మూసుకోవనీ, ఇసుక బస్తాలు వేసి మూడు రోజులు ఒడ్డుపక్కన ముంచి ఉంచమనీ చెప్పాడు. గురువారం పదింటికి ముంచారు. ఆదివారం పదింటికి తీయాలి. ఒక్క నిమిషం ముందు తీయడానికి కూడా గడియారాలాయన ఒప్పుకునే రకం కాదు.

ఆదివారం తేలకపోతే పోయేది ఆయన పరువొక్కటే కాదు. క్రేన్లు అద్దెకిచ్చే బావమరిది ఆ పడవను చూసి, కట్టెల మోపుకు రంగులేస్తున్నావా బావా అని నలుగురిలో నవ్వాడు. అక్కకు ఒళ్ళు మండింది. ఈ మోపే నిన్ను అవతలి ఒడ్డుకు తీసుకెళ్తుంది చూడమని మాటిచ్చేసింది. మొగుడి పనితనం మీద ఆమెకు అంత గర్వం.

ఆదివారానికి తమ్ముణ్ణి పిలుద్దామని ఆమె ఫోన్ చేసింది. అవతల క్రేన్ మోత చెవులు చిల్లులు పడేలా ఉంది.

"మీ బావ ముంచేశారురా," అంది ఆమె సంబరంగా. "గురువారమే. పక్కనే ఉండి నా కళ్ళతో చూశాను."

ఆ మోతలో మాటలు వినబడ్డాయిగానీ సంబరం వినబడలేదు. బావ కొంప ముంచాడనుకుని తమ్ముడు ఫోన్ పెట్టేసి, ఎక్కి ఉన్న క్రేన్‌తోనే బయలుదేరాడు. సంతోషంతో వాడికి నోట మాట రాలేదనుకుంది అక్క.

దారిలో అతను టీకొట్టు దగ్గర ఆగి, మా బావ ముంచాడట, తెలుసా అని అడిగాడు. టీకొట్టు యజమానికి కాస్త చెవుడు. 'మునిగాడట' అని విన్నాడు. పొద్దున్నే ఏట్లో మునిగి ఉన్న పడవను చూసి వచ్చాడేమో, నిజమే బాబూ, మునిగాడు పాపం, పడవ ఇంకా ఏట్లోనే ఉందన్నాడు. క్రేన్ ఏటివైపు తిరిగింది.

పదకొండింటికి గడియారాల దుకాణం ముందు ఎవరో కొత్త మనిషి దిగాలుగా నిలబడ్డాడు. గడియారాలాయన ఏట్లో మునిగి పోయాడటగదా, ఇక నా గడియారం ఎవరిస్తారని అడిగాడు. భూతద్దంలోంచి తలెత్తకుండానే గడియారాలాయన అయ్యో పాపం అన్నాడు. ఊళ్ళో తనలాంటివాడు ఇంకొకడున్నాడని ఇన్నాళ్ళూ తెలియనందుకు కొంచెం నొచ్చుకున్నాడు కూడా. బావమరిది క్రేన్‌తో పడవ లేపుతున్నాడని ఆ మనిషి అనేసరికి మాత్రం, దుకాణం తెరిచి ఉండగానే పరుగు తీశాడు.

ఒడ్డంతా జనం. బస్తాల కింద బావ ఉన్నాడేమోనని ఈతగాళ్ళు బస్తాలన్నీ తీసేశారు. పడవ పట్టీల మీద గాల్లో వేలాడుతోంది. ఎదురుగా ప్రాణాలతో వచ్చిన బావను చూసి బావమరిది బావురుమన్నాడు.

"నువ్వు మునగలేదా బావా?"

"నేనూ మునగలేదు, పడవా మునగలేదు. నేనే ముంచాను. దించు దాన్ని, ఇంకా ఇరవై మూడు గంటలుంది."

జనంలో గుసగుసలు మొదలయ్యాయి. బాగుచేయడం చేతకాక, నలుగురికీ ముఖం చూపించలేక ముంచేసుకున్నాడని క్షణంలో తేల్చేశారు. ఎండిన కొయ్య, ఉబ్బడం, సందులు అని ఆయన ఎంత చెప్పినా సాకుల్లాగే వినిపించాయి. బావమరిది భుజం తట్టి, "పోనీలే బావా, అందరికీ అన్నీ రావాలని ఉందా," అన్నాడు. ఆ ఓదార్పుకు గడియారాలాయనకు నిజంగానే ఏట్లో దూకాలనిపించింది.

అప్పటికి ఆయన భార్య జనాన్ని తోసుకుంటూ వచ్చింది. తల పైకెత్తి పడవ అడుగును ఈ కొస నుంచి ఆ కొస దాకా చూసింది. తర్వాత కింద నిలబడ్డవాళ్ళ వైపు తిరిగింది.

"ఇంతమంది దీని కిందే ఉన్నారుగా. ఎవరి మీదైనా ఒక్క చుక్క పడిందా?"

అందరూ తలలు తడుముకున్నారు. పొడిగానే ఉన్నాయి. బావమరిది క్రేన్ ఎక్కి పడవలోకి తొంగిచూశాడు. అంచుదాకా నీళ్ళు.

"అక్కా, నిండుగా ఉందే," అన్నాడు నెమ్మదిగా.

"లోపలి నీళ్ళు బయటికి రానివ్వనిది, బయటి నీళ్ళను లోపలికి రానిస్తుందిట్రా?"

గడియారాలాయనకు కళ్ళు చెమర్చాయి. ఏడాది పనిని గాల్లోకి ఎత్తి ఊరందరికీ చూపించే భాగ్యం ఎంతమందికి దక్కుతుంది? అయినా మిగిలిన ఇరవై మూడు గంటలకూ దాన్ని మళ్ళీ ముంచించాడు.

ఆదివారం పదింటికి పైకి తీసి నీళ్ళు తోడేశాక, బావమరిదిని మధ్యలో కూర్చోబెట్టుకుని మొగుడూ పెళ్ళాం చెరోవైపు ఎక్కారు; ఒడ్డున ఊరంతా చూస్తుండగా పడవ కదిలింది. లోపలికి చుక్క నీరు రాలేదు. ఆ చుక్క ఎక్కడైనా కనబడుతుందేమోనని ముగ్గురూ వంగి అడుగుకేసే చూస్తూ కూర్చోవడంతో, తెరచాప ఎత్తడం మరిచిపోయిన సంగతి పడవ ప్రవాహానికి కొట్టుకెళ్ళి అవతలి ఒడ్డుకు తగిలాకగానీ తెలియలేదు.