నలభై మంది గాలి

ఆ ఉదయం ఓవర్సీరు శ్రీరామచంద్రమూర్తి వేసుకున్న పథకంలో ఎక్కడా తిరకాసు లేదు. తొమ్మిదింటికి అమలాపురం నుంచి పెద్ద ఆఫీసరుగారు వస్తారు. పదింటికి తుఫాను పాక బలం చూస్తారు. పదకొండింటికి సంతకం పెడతారు. పన్నెండింటికి ప్రెసిడెంటు ధర్మరాజుగారింట్లో పనసపొట్టు కూరతో భోజనం.

కిందటేడు గాలివానకి సముద్రపొడ్డునున్న ఆ జాలర్ల పాలెంలో ఒక్క ఇల్లు మిగల్లేదు. మరిడమ్మ మనవల్ని తాటిచెట్టుకి కట్టేసి, తాను చెట్టుని వాటేసుకుని బతికింది. అది విన్న మూర్తి ఆరు నెలలు నిద్ర మానుకుని, తుఫానులో జనం తలదాచుకోడానికి ఈ పాక గీశాడు. కింద నాలుగు లావుపాటి దూలాలు, వాటి మీద టేకు స్తంభాలు, అడ్డబద్దలు, ఇనప బోల్టులు. ఒక్క బోల్టు కదిలినా ఉద్యోగం మానేస్తానని కనపడ్డ ప్రతివాడికీ చెప్పాడు.

స్థలం మాత్రం ధర్మరాజుగారిది. కొబ్బరితోట పక్కన పల్లపు చోటు ఇచ్చారు. తుఫాను లేని రోజుల్లో పాకలో కాయలు పోసుకోవచ్చని ఆయన ముందుచూపు. అడుగు దూలాలు నాలుగడుగుల లోతున పాతాలన్నాడు మూర్తి. చెట్ల వేళ్లు తెగుతాయన్నారు ప్రెసిడెంటుగారు. బేరం జానెడు లోతు దగ్గర తెగింది.

"బాబుగారూ, గాలి సంగతి మీరు సూసేరు. నీరొత్తే ఏం సేత్తామండీ? ఆ మెరక మీద కట్టండి" అని మరిడమ్మ నాలుగుసార్లు అడిగింది. నీరు వేరే డిపార్టుమెంటు చూసుకుంటుందని మూర్తి నాలుగుసార్లూ చెప్పాడు.

ఆఫీసరుగారు వేళకే వచ్చారు. గాలే రాలేదు. దానికీ మూర్తి దగ్గర లెక్క ఉంది. తుఫాను గాలి నలభై మంది లాగుడుకి సమానం. గాలి సముద్రం మీంచి వస్తుంది గనక, జనం మెరక వైపు నిలబడి లాగాలి. మోకులు కట్టే పని మరిడమ్మ కొడుకు ముత్యాలరాజుకి అప్పగించాడు. అతను పడవని ఒడ్డుకి లాగేటప్పుడు ఎలా కడతాడో అలాగే అడుగు దూలాలకి కట్టాడు. పాక మీద తమకెంత నమ్మకమో చూపించడానికి ధర్మరాజుగారు కుర్చీ వేయించుకుని లోపల కూర్చుని తలుపేసుకున్నారు.

ముత్యాలరాజు పాట ఎత్తుకున్నాడు. నలభై మందీ అందుకున్నారు. పాక కిర్రుమనలేదు. మూర్తి మురిసిపోయి, ఇక చాలని ఈల ఊదాడు. వల లాగేవాళ్లు పాట మధ్యలో మోకు వదలరు, వదిలితే సముద్రం వెనక్కి లాక్కుంటుంది. పైగా ఈల పాటకి తాళంలా కుదిరింది. ఆయన ఊదినప్పుడల్లా మరో లాగు లాగారు. కంగారుపడి ఆయన గబగబా ఊదాడు. వాళ్లూ గబగబా లాగారు.

జానెడు లోతులోంచి లేచిన పాక, రాత్రి వానకి తడిసిన ఇసక మీద జారుకుంటూ మెరకెక్కింది. మోకుల వెంట నడుస్తూ మరిడమ్మ ఎవరినీ ఆపలేదు.

"ఇలా కదులుతుందని కాగితాల్లో రాయలేదేమండీ?" అన్నారు ఆఫీసరుగారు, ముచ్చటపడిపోయి.

మూర్తి పాక దగ్గరికి పరిగెత్తాడు. వెళ్లి బోల్టులు ఒక్కొక్కటే తడిమి చూశాడు. ఒక్కటీ కదల్లేదు. కళ్లనీళ్ల పర్యంతమై, "వినయం చేత రాయలేదండి" అన్నాడు.

తలుపు తెరుచుకుని, అప్పటికే పోయించుకున్న కొబ్బరికాయల మధ్య నుంచి ధర్మరాజుగారు బయటికొచ్చారు. అటూ ఇటూ చూసి, పాకని ఉన్నపళాన వెనక్కి లాగమన్నారు.

"ఆయ్. మాకు ఒడ్డుకి లాగడవే వొచ్చండి. సముద్రంవేపు లాగడం మా తాతల్నాడు కూడా లేదండి" అంది మరిడమ్మ.

ఆఫీసరుగారు అప్పటికే సంతకం పెట్టేశారు.

కార్తికంలో గాలివాన వచ్చింది. పాత చోట రొమ్ములోతు నీరు నిలిచింది. మెరక మీది పాకలో పాలెమంతా, పిల్లా పెద్దా, పొడిగా కూర్చున్నారు. ధర్మరాజుగారి కుటుంబానికి మరిడమ్మే చాప వేసింది. ఆ కబురు విని మూర్తి ఆఫీసులో అందరి ముందూ ఏడ్చాడు.

మిగతా పాలేలకి మరో పది పాకలు మంజూరయ్యాయి. ఆ కాగితంలో కట్టే విధానం కింద ఆఖరి అంశం: "నిర్మాణం పూర్తయిన పిమ్మట నలుబదిమంది లాగవలెను."