ముప్ఫై ఆరు వంకర బోర్డులు

మనిషి గొప్పవాడయ్యేది పుట్టుకతో వచ్చిన ప్రతిభ వల్లనా, పట్టు విడవని సాధన వల్లనా అనే ప్రశ్నను మానవజాతి కొన్ని వేల ఏళ్లుగా నానబెడుతూ వచ్చింది. పండితులు జుట్టూ జుట్టూ పట్టుకున్నారు, తండ్రులు కొడుకులను తిట్టిపోశారు, ఏమీ తేలలేదు. చివరికి ప్రభుత్వం పూనుకుని పదకొండు పనిదినాల్లో తేల్చి పారేసింది. ఒక ఫారం అచ్చు వేయించింది.

ఫారంలో రెండు గడులుంటాయి. ఒకటి ‘సహజ ప్రతిభ’, రెండోది ‘పట్టుదల’. చేతి పనితనం మీద బతికే ప్రతి పౌరుడూ ఏదో ఒక గడిలో టిక్కు పెట్టి, దాన్ని రుజువు చేసుకుని, ఘనతా నిర్ధారణ కార్యాలయం నుంచి ధ్రువపత్రం తెచ్చుకోవాలి. తెచ్చుకోకపోతే నెలాఖరుకల్లా దుకాణానికి సీలు. (రెండు గడుల్లోనూ టిక్కు పెట్టినవారిని అత్యాశాపరులుగా పరిగణిస్తారు. ఏ గడిలోనూ పెట్టలేనివారిని ఆ కార్యాలయంలోనే ఉద్యోగంలోకి తీసుకుంటారు.)

ఈ నోటీసు అందుకున్నవారిలో బోర్డులమ్మ ఒకర్తె. ఆవిడ అసలు పేరు ఆ వీధిలో ఎవరికీ అవసరం పడలేదు. ఇరవై రెండేళ్లుగా ఆ వీధిలో మేకుల దుకాణం నుంచి పళ్ల డాక్టరు దాకా ఉన్న బోర్డులన్నీ ఆవిడ కుంచెవే. స్కేలు పెట్టదు, సుద్దతో గీత కొట్టదు. అందరూ మొదటి అక్షరం నుంచి రాస్తే ఆవిడ చివరి అక్షరం నుంచి మొదలుపెట్టి వెనక్కి వస్తుంది. కొత్తగా బోర్డు రాయించుకునేవాళ్లు అది చూసి ‘ఇదేం ఖర్మరా బాబూ’ అని గుండెలు బాదుకుంటారు. మొదటి అక్షరం పడ్డాక చూస్తే ఎడమ పక్క ఎంత ఖాళీ ఉందో కుడి పక్కా అంతే ఉంటుంది. అప్పుడు నోరు మూసుకుని టీ తెప్పిస్తారు.

ఆ నెలలోనే ఆవిడకు జన్మలో రానంత పెద్ద పని వచ్చింది. పిల్లల ఆసుపత్రికి కొత్త భవనం కట్టారు. దారి చూపే బోర్డులు నలభై కావాలి. జ్వరంతో కాలిపోతున్న పిల్లని భుజాన వేసుకుని పరిగెత్తే తల్లి, ఆగకుండా, మెడ తిప్పకుండా చదవగలగాలి. ఏ అక్షరం ఎంత ఎత్తుండాలో బోర్డులమ్మ అప్పుడే మనసులో రాసేసుకుంది. చేతిలో ధ్రువపత్రం ఒక్కటే తక్కువ.

అందుకే వాళ్లమ్మను వెంటపెట్టుకుని ఘనతా నిర్ధారణ కార్యాలయానికి వెళ్లింది. గుమ్మం మీద బోర్డు చూడగానే ఇద్దరూ ఆగిపోయారు. ‘ఘనతా’ అన్నది ఏనుగంత ఉంది, ‘నిర్ధారణ’ గేదె అంత ఉంది, ‘కార్యాలయం’ దగ్గరికొచ్చేసరికి చీమలు బారు తీరాయి. చివరి సున్నాకు బోర్డు మీద చోటు చాలక దాన్ని పక్కనున్న గోడ మీద వేశారు.

“ఎవడే ఇది రాసిన పుణ్యాత్ముడు?” అంది తల్లి.

“ష్, లోపలికి నడు,” అంది బోర్డులమ్మ. కానీ ఆవిడ చెయ్యి మాత్రం సంచిలోని కుంచె కోసం తడుముకుంది.

ప్రతిభ కౌంటరు ముందు వరస లేదు. ఉండకూడదు కూడా. నిజమైన ప్రతిభ వరసలో నిలబడదని నిబంధన ఏడు చెబుతోంది. అయితే టోకెన్ లేనిదే కిటికీ తెరవరు, వరసలో నిలబడనిదే టోకెన్ ఇవ్వరు. ఈ ఏర్పాటు వల్ల కౌంటరు పెట్టిన నాటి నుంచీ దాని మీద ఒక్క ఫిర్యాదు కూడా రాలేదు. తల్లికి మోకాళ్లు లాగుతుంటే ఇద్దరూ కిటికీ పక్క గోడకు చేరగిలబడ్డారు. అది వరస కాదు గనక ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. నిలబడే ఉన్నారు గనక టోకెన్ ఇచ్చేశారు.

కిటికీ వెనక కళ్లజోడు గుమాస్తా తల్లిని చూసి సంతోషించాడు. జన్మసాక్షి స్వయంగా రావడం అరుదు.

“చెప్పండమ్మా. పుట్టగానే ప్రతిభ కనిపించిందా?”

“కనిపించడమా, వినిపించింది. వీధి చివరిదాకా దీని ఏడుపే.”

“రాతలో అమ్మా, రాతలో.”

“నాలుగేళ్లప్పుడు ఇంటి గోడలన్నీ బొగ్గుతో గీకి నాశనం చేసింది. వీపు మీద నాలుగు వాయించాను.”

గుమాస్తా కుర్చీలో ముందుకు జరిగాడు. “అద్భుతం! ఎవరూ నేర్పలేదు కదా?”

“ఎవరు నేర్పుతారు నాయనా? ఆపమని చెప్పినవాళ్లే అందరూ.”

“ఇంకేం, స్వచ్ఛమైన ప్రతిభ!” అంటూ ముద్ర చేతిలోకి తీసుకున్నాడు. తీసుకుని, మాటవరసకు అడిగినట్టు బోర్డులమ్మ వైపు తిరిగాడు. “తర్వాత ఎప్పుడూ సాధన లాంటిదేమీ చెయ్యలేదుగా?”

“ఎందుకు చెయ్యను సార్? రోజూ పొద్దున్నే ఒక గంట చేస్తాను. ఇరవై రెండేళ్ల నుంచి.”

ముద్ర గాల్లోనే ఆగిపోయింది. రోగం ముదిరాక తీసుకొచ్చిన మనిషిని చూసినట్టు ఆవిడను జాలిగా చూశాడు గుమాస్తా.

“ఎంత పని చేశారమ్మా! సాధన కలిసిన ప్రతిభ కల్తీ కిందికి వస్తుంది. అంత మంచి బొగ్గుగీతలు పెట్టుకుని ఎవరైనా చేజేతులా ఇలా చేసుకుంటారా? పట్టుదల కౌంటరుకి వెళ్లండి. కల్తీ సంగతి అక్కడ చెప్పకండి, మీ మంచికే చెబుతున్నా.”

పట్టుదల కౌంటరు మొదటిసారి వచ్చినవారికి తెరవరు. రెండోసారి వచ్చినవారికి మూస్తారు. మూడోసారి వచ్చినవారు ఆ గడికి ప్రాథమికంగా అర్హులు. బోర్డులమ్మ మూడోరోజు పొద్దున్నే వెళ్లి కిటికీకి ముక్కు ఆనించి నిలబడేసరికి లోపలున్నావిడ చేస్తున్న లెక్కలోంచి తల పైకెత్తింది. బొట్టు దిద్దినట్టు పొందికగా మాట్లాడే మనిషి.

“పట్టుదలకి రుజువు ఓటమేనమ్మా. ఎన్నిసార్లు ఓడిపోయారు?”

“లెక్క పెట్టుకోలేదు మేడమ్. తప్పు పడితే తడి మీదే కిరోసిన్ గుడ్డతో తుడిచేస్తాం.”

“అంటే సాక్ష్యాలు ధ్వంసం చేశారన్నమాట.”

“మొదటిది మాత్రం బాగా గుర్తుంది మేడమ్,” అంది బోర్డులమ్మ ఆశగా. “అప్పుడు నాకు పద్నాలుగేళ్లు. చెప్పుల దుకాణం బోర్డు. మొదటి అక్షరం మహా గొప్పగా మొదలుపెట్టాను. చివరికొచ్చేసరికి చోటు లేదు. ఆ ఆసామి నా చేతికి బ్లేడిచ్చి, వీధిలో అందరూ చూస్తుండగా మొత్తం గీకించాడు. ఒకటే నవ్వులు. ఆ రోజు నుంచీ చివరి అక్షరం నుంచే మొదలుపెడతాను.”

కౌంటరావిడ మొహం మీద ఒక్క క్షణం ఏదో కదిలింది. వెంటనే నిబంధనల పుస్తకం తిరగేసింది.

“ఇది పట్టుదల కాదమ్మా, సిగ్గు. సిగ్గుకి గడి లేదు.”

“మరి నేనేం చెయ్యాలి మేడమ్? నెలాఖరుకి ఇంకా పన్నెండు రోజులే ఉన్నాయి. ఆసుపత్రి పని పోతుంది.”

“ముప్ఫై ఆరు ఓటములు పట్టుకురండి. పాతవి లేకపోతే కొత్తవి తెచ్చినా ఫరవాలేదు. ఒక్కో ఓటమి వెనకా గెజిటెడ్ అధికారి సంతకం ఉండాలి. ఓటమి స్పష్టంగా కనపడాలి సుమా. అంతో ఇంతో బాగుండేవి ఇక్కడ చెల్లవు.”

ఇంటికొచ్చి బోర్డులమ్మ ముప్ఫై ఆరు చెక్కలు వరండాలో పరిచింది. ఆసుపత్రి పని ఎటూ మనసులో ఉంది గనక ఆ మాటలే పాడుచేద్దామనుకుంది. చెడగొట్టడమే కదా, సాయంత్రానికల్లా అయిపోతుందనుకుంది. మొదటి రోజు ఏడు చెక్కలు రాసింది. ఏడూ చక్కగా వచ్చాయి. కళ్లు మూసుకుని ఒకటి రాసింది. అదీ తిన్నగానే వచ్చింది.

“ఇదీ బాగానే ఏడ్చిందే,” అంది తల్లి, ప్రతి చెక్కా ఎత్తి చూస్తూ. “కొంచెం మనసు పెట్టి పాడుచెయ్యి.”

ఎడమ చేత్తో రాస్తే అక్షరాలు వణికాయి గానీ వరస తప్పలేదు. కాలు మీద కాలు వేసుకుని, ఎక్కిళ్లు తెచ్చుకుని, పక్కింటివాళ్లతో గొడవ పెట్టుకుని వచ్చి కూడా రాసి చూసింది. ఇరవై రెండేళ్లు కష్టపడి నేర్పిన చెయ్యి మొండికేసింది. అయిదో రోజున చెక్కల మధ్య కూలబడి, పద్నాలుగేళ్లప్పుడు ఏడ్చినట్టే ఏడ్చింది. తల్లి మోకాలు పట్టుకుంటూ పక్కన కూచుంది.

“ఆ చెప్పుల కొట్టు బోర్డు ఎలా మొదలుపెట్టావే?”

“మొదటి అక్షరం నుంచి.”

“అలాగే కానీ. మొదటిది నీ ఇష్టమొచ్చినంత పెద్దగా లాగించు. తక్కినవి ఎటు పోతే అటు పోనీ.”

ముందునుంచి మొదలుపెట్టేసరికి చెయ్యి కాస్త తడబడింది. ఆరో రోజు ఒక గీత జారింది. ఏడో రోజు ఒక వరస కిందికి వాలింది. తొమ్మిదో రోజుకల్లా బోర్డులమ్మ, ఏ పిల్లాడూ ఏ గోడ మీదా రాయనంత ఘోరంగా రాయడం మొదలుపెట్టింది. మొదటి అక్షరం ఏనుగు, చివరివి చీమలు. ‘అత్యవసర విభాగం’ అన్న చెక్క మీద ఆఖరి రెండక్షరాలకు చోటు లేక అవి అంచు వెంట నిలువుగా దిగాయి. తల్లి దాన్ని దూరంగా పెట్టి చూసి, దగ్గరగా పెట్టి చూసి, దించింది.

“శెభాష్,” అంది. ఆ మాట విన్నందుకు బోర్డులమ్మకు సంతోషం కలిగింది. కలిగినందుకు చచ్చేంత సిగ్గేసింది.

గడువు ఇంకా రెండు రోజులుందనగా ముప్ఫై ఆరు చెక్కలూ రిక్షాలో వేసుకుని వెళ్లారు. వెనక సంతకాలు గెజిటెడ్ హోదా గల ఒక పశువైద్యాధికారి పెట్టాడు. (ఓటముల మీద సంతకానికి మనుషుల డాక్టర్లు దొరకలేదు. వాళ్ల దగ్గర అప్పటికే చాలా రద్దీ.)

పట్టుదల కౌంటరావిడ మొదటి చెక్క ముట్టుకుంది. వేలికి ఎర్రరంగు అంటింది. దాన్ని బోర్డులమ్మ దరఖాస్తుకే తుడిచి, “ఓటమి తాజాగా ఉంది, మంచిదే,” అని, మిగతావి చూస్తూ చూస్తూ ముఖం చిట్లించింది. “కానీ ఇంత ఘోరంగా మామూలు మనుషులు రాయలేరమ్మా. ఇది పుట్టుకతో రావాల్సిందే. ప్రతిభ కౌంటరుకి వెళ్లండి.”

ప్రతిభ కౌంటరు గుమాస్తా ఎన్నాళ్లలో నేర్చారని అడిగాడు. తొమ్మిది రోజులని తెలుసుకుని, ఇది ముమ్మాటికీ పట్టుదలేనని వెనక్కి పంపాడు. చెక్కలు హాలులో అటు మూడుసార్లు, ఇటు మూడుసార్లు తిరిగాయి. నాలుగోసారి తల్లి హాలు మధ్యలో చతికిలబడింది.

“ప్రతిభో, పట్టుదలో, ఏదో ఒకటి మీరే తేల్చుకుని చెప్పండి. అప్పటిదాకా నేనిక్కణ్ణించి లేవను. దీనికి ఏ గడి ఉందో అదీ మీరే చూసుకోండి!”

ఆ కేకకు ఘనతాధికారి స్వయంగా గది బయటికి వచ్చారు. ఆయన ఆ కుర్చీలోకి ప్రతిభతో వచ్చారా, పట్టుదలతో వచ్చారా అన్నది ఎవరికీ తెలియదు. (ఆయన బావగారికి తెలుసు.) ఆయన ‘అత్యవసర విభాగం’ చెక్కను చేత్తో పట్టుకుని, గుమ్మం దాకా నడిచి, పైనున్న తమ కార్యాలయం బోర్డు పక్కన పెట్టి పోల్చి చూశారు.

“ప్రమాణం అందుకున్నారు,” అన్నారు గంభీరంగా. “ఇవ్వండి.”

అలా బోర్డులమ్మకు ధ్రువపత్రం వచ్చింది. పట్టుదల గడిలో టిక్కు, కింద గుండ్రటి ముద్ర. ఆవిడ దాన్ని కళ్లకద్దుకుని, రెండో పేజీ తిప్పింది. అక్కడ ఒకే ఒక షరతు ఉంది. జతపరిచిన ముప్ఫై ఆరు నమూనాలలో నిర్ధారితమైన శైలిలోనే రాయవలెను. అంతకు భిన్నంగా రాసినచో దుకాణం మూసివేయబడును.

“సార్, నేను బాగా కూడా రాస్తాను,” అంది బోర్డులమ్మ.

“రాయవచ్చు,” అన్నారాయన దయగా. “దానికి వేరే ఫారం.”

పిల్లల ఆసుపత్రి నలభై బోర్డులూ నెల తిరిగేలోగా గోడలకెక్కాయి. తనిఖీ అధికారి వచ్చి ఒక్కో బోర్డునూ నమూనాతో పోల్చాడు. రెండు బోర్డుల్లో అక్షరాలు పొరపాటున తిన్నగా పడ్డాయని పట్టుకుని, దగ్గరుండి వంకర చేయించి వెళ్లాడు.

ఆ మర్నాడు పొద్దున్న, కూతురు చేసిన అన్నిటికన్నా పెద్ద పని కళ్లారా చూద్దామని తల్లి మోకాళ్లు ఈడ్చుకుంటూ వచ్చింది. వరండాలో ఒక తండ్రి పిల్లాణ్ణి భుజాన వేసుకుని పరిగెత్తుకొచ్చి, ‘అత్యవసర విభాగం’ కింద టక్కున ఆగాడు. మెడ పక్కకు వాల్చి చదివాడు. ఆఖరి రెండక్షరాల కోసం ఇంకా వాల్చాడు. అప్పుడు తెలుసుకుని ఎడమకు పరిగెత్తాడు. తల్లి అతను కనుమరుగయ్యేదాకా చూసి, కూతురి చెయ్యి పట్టుకుంది.

“చెక్కల మీద అంటే సరేననుకున్నాను. ఇక్కడ కూడా ఇలాగేనా? బాగా రాయొచ్చుగదే!”

“దరఖాస్తు పెట్టానమ్మా,” అంది బోర్డులమ్మ. “అనుమతి ఇంకా రాలేదు.”