మూడో రోజు దాకా ఉండని దాతలు

మొన్న గురువారం మా ఇంట్లో పంచదార దగ్గర గొడవైంది. చక్కెర దిమ్మను సుత్తితో పగలగొట్టి, పిడికెడంత ముక్కలు టీ కెటిల్‌లో వేస్తున్న మా అత్తగారు ఇత్తోను మావారు మోహా ఆపబోయారు.

"అమ్మా, ఆ బైకులవాళ్లు అంత తీపి తాగరే! పోయినేడు సగం గ్లాసులు గులాబీ మొక్కకి పోశారు."

"పోసుకోనీ. మొక్కన్నా బాగుపడుతుంది. ఇత్తో ఇంట్లో చప్పటి టీ ఇచ్చారన్న మాట మాత్రం నేను పడను. తప్పుకో!"

ఇది చదివి, మాకు ఆ అతిథులంటే విసుగని అనుకునేరు! పాఠకులారా, విదేశీ దాతల మోటార్ సైకిల్ యాత్రను మించిన వరం మా అట్లాస్ కొండల్లో మరొకటి లేదని ఢంకా బజాయించి చెబుతున్నాను.

ప్రతి వసంతంలోనూ ముప్పైమంది బెల్జియం వాళ్లు మా దేశం మీదుగా బైకులు నడుపుకుంటూ వస్తారు. ఎందుకంటారా? కొండ ప్రాంతపు ఆడపిల్లల చదువు కోసం! పెద్దమనుషుల నడుములు నొప్పెడితే ఆడపిల్లలకు చదువెలా వస్తుందని అడిగేవాళ్లు అజ్ఞానులు. త్యాగమంటే వాళ్లకేం తెలుసు?

వాళ్లొచ్చిన రోజున బడికి సెలవు. పిల్లలంతా రోడ్డు పక్కన నిలబడి స్వాగతం పాడాలి కదా! చదువుకు సాయం చేసే రోజున మళ్లీ చదువెందుకు?

ఊరంతా కలిసి గొర్రెల్ని కోస్తుంది. పేదలమైన మాకు సాయం చేయడానికి వచ్చినవాళ్లు ఆకలితో ఉంటే బాగుంటుందా? కోళ్లు బైకుల హోరుకు వారంపాటు గుడ్లు పెట్టవు. వాటికీ విశ్రాంతి కావాలి. ఇక వాళ్లు పంచే పెన్నులంటారా, మా ఇంట్లో ఉన్నవాటితో ద్రాక్ష తీగకు పందిరి వేయొచ్చు.

ఈసారి మా అమ్మాయి తిలీలను ఫొటోకు నిలబెట్టి, కొత్త బూట్లు విప్పమన్నారు. ఫొటోలో అవి నప్పలేదట! అతిథి మాట కాదనకూడదు కాబట్టి విప్పింది. నా బిడ్డ పేదరికానికి మేం చేసిన లోటును వాళ్లు క్షణంలో సరిదిద్దారు.

తిలీల ఈ జూన్‌లో ఆరో తరగతి ముగిస్తుంది. మా ఊళ్లో చదువు అంతవరకే. ఏడో తరగతి కొండ అవతలి పట్నంలో ఉంది. వ్యాను లేదు. అందుకే మా ఆడపిల్లలు ఆరుతోనే పండితులై, గొర్రెల వెంట వెళ్తారు. బైకులు ఆ పట్నం మీదుగానే వస్తాయి, వెనక సీట్ల నిండా పెన్నులతో.

మరి వ్యాను సంగతి వాళ్లకు చెప్పొచ్చు కదా అంటారు. ఎలా చెబుతాం? గడప తొక్కిన అతిథిని మూడు రోజులదాకా ఏమీ అడగకూడదన్నది మా ఆచారం, అత్తగారి మాట. వాళ్లేమో మర్నాడు పొద్దున్నే వెళ్లిపోతారు. ఇన్నేళ్లుగా మూడో రోజు రానే లేదు!

నేను ఫెజ్ నగరంలో కాలేజీ చదువు చదివాను. ఫ్రెంచి ధారాళంగా వచ్చు. శుక్రవారం పొద్దున బయల్దేరుతూ వాళ్ల నాయకుడు యోస్ట్ నాతో, "మీ పిల్లలెంత ఆనందంగా ఉన్నారండీ! వీళ్లకింకేం కావాలి?" అన్నాడు.

తిలీల నా శాలువా అంచు లాగింది. "అమ్మా, చెప్పవే! వ్యాను గురించి చెప్పవే!"

మా అత్తగారు నావైపు చూశారు. నేను చిరునవ్వు నవ్వి, ఆయనకు ఇంకో గ్లాసు టీ పోశాను. నా ఫ్రెంచి అంత చక్కగా ఉపయోగపడింది!

బైకుల దుమ్ము అణిగాక, మధ్యాహ్నం అందరం ఉడికించిన కూస్కూస్ రవ్వ పళ్లెం చుట్టూ కూర్చున్నాం. తిలీల తన వైపున్న గుమ్మడి ముక్కను కూడా ముట్టుకోలేదు. అత్తగారు ఆ ముక్కకేసి చూశారు.

"సెప్టెంబరులో నేను పట్నంలో గది తీసుకుంటున్నా," అన్నారు. "దీన్నీ, ఆరు ముగించే మిగతా ఇద్దరు పిల్లల్నీ నా దగ్గర ఉంచుకుని వండిపెడతా. అతిథిని అడగొద్దన్నాను గానీ, పిల్లని చదివించొద్దని నేనెప్పుడూ అనలేదు."

మావారి చేతిలో ముద్ద ఆగిపోయింది. "మరి వచ్చే వసంతంలో వాళ్లొస్తే? సాయం చేయడానికి ఊళ్లో ఆ వయసు ఆడపిల్లే ఉండదు కదమ్మా!"

"వాళ్లింత దూరం వచ్చేది ఆడపిల్లలు చదువుకోవాలనేగా! చూసి సంతోషపడతార్లే. తిను."