తేడా సున్న

రండి నాయనలారా, దగ్గరగా జరిగి కూర్చోండి. ఆ గుంజ దగ్గర గుసగుసలు ఆపండమ్మా, ఈ కథ మీ పిల్లల గురించే. వీపు మీద కొండ మోసిన ఆ కూర్మనాథుడికి దండం పెట్టి మొదలుపెడతాను.

ఒక పెద్ద అడవిలో ఒక చిన్న బడి. అందులో ముప్పై నలుగురు పిల్లలు. పంతులు తాబేలు, పేరు కూర్మయ్య.

ఆ బడి గుమ్మంలో ఒక సొరబుర్ర ఉండేది. మధ్యాహ్నం మేతకు వెళ్ళేటప్పుడు ప్రతి పిల్లా అందులో ఒక చింతపిక్క వేసేది. తిరిగొచ్చాక ఒకటి తీసేది. బుర్రలో ఎన్ని పిక్కలు మిగిలితే అంతమంది పిల్లలు రానట్టు. అడవి దారిలో ఎప్పుడో ఎవరో తవ్వి వదిలేసిన గొయ్యి ఉంది మరి. పంతులు తీగ పట్టుకుని అక్కడికే వెళ్ళేవాడు. తీసివేత అంటే ఆ పిల్లలకు అదే.

అయితే "ఇవాళ ఇద్దరు రాలేదు, ఇవాళ ముగ్గురు" అని దస్తరంలో రాస్తుంటే సింహం రాజుగారికి చిరాకు. గొయ్యి పూడ్పించాలంటే మట్టి మొయ్యాలి. అందుకని బళ్ళ తనిఖీకి నక్క జిత్తప్పను పంపాడు.

"ఏమయ్యా పంతులూ, ఇంకా పిక్కలేనా?" అన్నాడు జిత్తప్ప, ముక్కు మూసుకుని. "దగ్గరి పదికి సవరించడం నేర్పు. అయిదుకు తక్కువైతే కిందికి, లేకపోతే పైకి. ఆ తర్వాత తీసెయ్యి. హాయి!"

"అందాజు నేనూ చెబుతానండీ," అన్నాడు కూర్మయ్య. "డెబ్బై ఒకటిలోంచి ఇరవై తొమ్మిది తీస్తే, డెబ్బైలోంచి ముప్పై తీసినట్టే, సుమారు నలభై. పిల్లవాడు నాలుగొందలు రాస్తే తప్పని తెలిసిపోతుంది. అందాజు జవాబుకు కాపలా కాయాలండీ, జవాబు కుర్చీలో కూర్చోకూడదు."

"కుర్చీల సంగతి నాకు చెప్పకు!" అన్నాడు జిత్తప్ప. గాడిద గుమాస్తా సొరబుర్రను జప్తు చేసి ముద్ర కొట్టింది.

మర్నాడు మేత నుంచి కుందేలు వరాలు కూతురు బుడిగి తిరిగి రాలేదు. వరాలు పరుగున జిత్తప్ప కచేరీకి వచ్చింది.

"అయ్యగారూ, నా పిల్ల రాలేదు!"

"వెళ్ళినవాళ్ళు ముప్పై నాలుగు, అంటే ముప్పై. వచ్చినవాళ్ళు ముప్పై మూడు, అంటే ముప్పై. తేడా సున్న. రానిది ఎవరమ్మా?" అన్నాడు జిత్తప్ప.

"నా బుడిగి!"

"లెక్కలో లేని పిల్లకు అర్జీ ఎలా తీసుకుంటాం?" అంది గాడిద. "కనీసం పదిమందైనా తప్పిపోయి రండి. అప్పుడు చూద్దాం."

నవ్వకండి. ఆ తల్లి నవ్వలేదు.

కూర్మయ్య ఆమెను పక్కకు పిలిచాడు. బుర్ర పోయినా అతను డిప్ప కింద చాటుగా వేసి తీస్తున్న పిక్కల్లో ఒకటి మిగిలి ఉంది. "పదమ్మా. గొయ్యి పధ్నాలుగు మూరలు. అంత తీగా తీసుకో." గోతిలో ఎండుటాకుల మీద బుడిగి వణుకుతూ కూర్చుంది. పైకి లాగాక తల్లి దాని చెవులు రెండూ తడిమి చూసుకుంది. రెండూ ఉన్నాయి.

ఇటు దస్తరంలో నెల పొడవునా సున్నలే. రాజుగారు మురిసి జిత్తప్పకు పూలదండ వేస్తానన్నాడు. జిత్తప్పతో కలిపి పెద్దలు ఇరవై నలుగురు మేళతాళాలతో రాజుగారి కొలువుకు వెళ్ళారు. తిరుగుదారిలో జిత్తప్ప దండ వాసన చూసుకుంటూ, కళ్ళు మూసుకుని నడిచి, గోతిలో పడ్డాడు. మేళం హోరులో కేక ఎవరికీ వినపడలేదు.

కచేరీ గుమ్మంలో గాడిద లెక్కపెట్టింది. వెళ్ళినవి ఇరవై నాలుగు, వచ్చినవి ఇరవై మూడు. ఇరవైలోంచి ఇరవై. ముద్ర!

నక్క పెళ్ళాం లబోదిబోమంది. "మా ఆయన రాలేదయ్యా!"

"వచ్చేశారమ్మా," అంది గాడిద. "ఆయన పెట్టిన లెక్క ప్రకారమే వచ్చేశారు."

ఆమె ఏడుస్తూ బడికి వెళ్ళింది. కూర్మయ్య, వరాలు, పిల్లలంతా తీగ పట్టుకుని గొయ్యి దగ్గరికి బయల్దేరారు. వరాలు తీగ దింపింది. అది జిత్తప్ప తలకు చాలా పైన ఆగిపోయింది. కాలు బెణికి అతను ఎగరలేకపోతున్నాడు.

"అందట్లేదే!"

"అందుతుందండీ," అంది వరాలు. "గొయ్యి పధ్నాలుగు మూరలు, అంటే పది. తీగ పదకొండు, అంటే పది. తేడా సున్న."

"సున్న కాదే తల్లీ! పధ్నాలుగులోంచి పదకొండు పోతే మూడు! మూడు మూరలు తక్కువ!"

కూర్మయ్య మెడ చాచి గోతిలోకి చూశాడు. "పిల్లలూ, చప్పట్లు కొట్టండి. అయ్యగారికి తీసివేత వచ్చింది."

మూడు మూరలు కలిపి ముడేశారు. ముప్పై నలుగురూ పట్టి లాగారు.

మర్నాడు కొత్త ఉత్తర్వు వచ్చింది: బడులన్నిటా సొరబుర్ర పెట్టాలి, ఆ విధానానికి 'జిత్తప్ప పద్ధతి' అని పేరు. గొయ్యి మాత్రం ఎవరూ పూడ్చలేదు.

నీతి: పరాయి బిడ్డ తప్పిపోతే అందాజు చాలు, అధికారి గోతిలో పడితేనే మూరమూరా కొలవాలి.

ఆ నీతి మీరు మరిచిపోయినా ఫరవాలేదు. పంతులు చేసిన పని ఒక్కటి గుర్తుంచుకోండి. గడప దాటిన ప్రతి బిడ్డకూ ఒక పిక్క వెయ్యండి, బిడ్డ వచ్చాకే తియ్యండి. రేపూ అలాగే చెయ్యండి, ఎల్లుండీ అలాగే చెయ్యండి.