దొరబాబు అరువు చేతులు

దొరబాబు జన్మలో మట్టి ముట్టుకున్నవాడు కాదు. గోదావరి ఒడ్డున పుట్టి కూడా ఇసకలో ఒక్క గూడు కట్టని పిల్లాడెవడంటే, యానాంలో అందరూ అతని వైపే వేలు చూపించేవారు. అలాంటివాడు యాభై రెండో ఏట, పుదుచ్చేరిలో, బొటనవేలంత మట్టిబొమ్మలు చేయడం నేర్చుకుంటానని బయల్దేరాడంటే దాని వెనక కళాతృష్ణ ఉందని ఎవరూ అనుకోరు. దాని వెనక ఉన్నది ఒక ఏనుగు.

ఆ ఏనుగు సంగతి ముందు చెప్పాలి.

దొరబాబు వైట్ టౌన్‌లో ఒక ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తా. పదకొండేళ్ల కిందట యానాం నుంచి బదిలీ మీద వచ్చాడు. వచ్చిన రోజు నుంచీ మళ్లీ యానాం పోవాలనే కోరిక. కారణాలు పెద్దవేమీ కావు. యానాంలో అతను మాట్లాడితే నలుగురూ వింటారు. ఇక్కడ తమిళం మాట్లాడితే నలుగురూ నవ్వుతారు. ఒకసారి బస్సులో "నేను దిగాలి" అనబోయి ఏమన్నాడో గానీ, బస్సు మొత్తం కిందికి దిగి మరీ నవ్వింది.

భార్య వేదవల్లిది మాత్రం పుదుచ్చేరే. తాతల కాలం నుంచీ ఇక్కడే స్థిరపడ్డ తెలుగు కుటుంబం. మాట తెలుగు, చదివేది తమిళం. సోలై నగర్ దారిలో ఆవిడకు తెలియని గడప లేదు. యానాం మాట ఎత్తితే చాలు, "పద్నాలుగేండ్లు మీ ఊర్లో కాపరం చేసినాను. రాముడు గూడా అంతే ఉండి తిరిగొచ్చినాడు. మళ్లా పొమ్మని ఆయన్ని ఎవురైనా అడిగినారా?" అనేది. రామాయణంతో వాదించే ధైర్యం దొరబాబుకు లేదు.

అందుకే యానాం ఆఫీసులో సీటు ఖాళీ అయిందని తెలిసినప్పుడు ఇంట్లో చెప్పకుండా అర్జీ పెట్టేశాడు. ఆర్డరు చేతికొచ్చాక చెబితే అది ప్రభుత్వం తప్పవుతుంది గానీ తన తప్పు కాదని అతని లెక్క.

అర్జీ మీద సిఫారసు రాయాల్సింది సూపరింటెండెంట్ అనంతరామన్ గారు. ఆయనా ఈ ఊరి పాత తెలుగువాడే. రక్తపోటు తగ్గాలంటే చేతులకు ఏదైనా పని పెట్టమని డాక్టరు చెబితే, 'చిటికెడు మట్టి' అనే ఆన్‌లైన్ గ్రూపులో చేరారు. ఆదివారం ఆదివారం వీడియోలో చిట్టి బొమ్మలు చేయడం నేర్పే గ్రూపది. తన మొదటి బొమ్మను జేబురుమాలులో చుట్టి ఆఫీసుకు తెచ్చి, దొరబాబు ముందు విప్పారు.

"ఇదేందో సెప్పు చూస్తాం."

ఎదుటి బల్ల మీద అర్జీ ఉన్నవాడి తొందర ఎలా ఉంటుందో తెలుసు కదా. దొరబాబు ఒక్క చూపు చూసి, "ఏనుగండీ! తొండం ఎంత చక్కగా కుదిరిందండీ!" అన్నాడు.

అనంతరామన్ గారు రుమాలు మడిచేశారు. "అది మా ఇంటావిడ. తొండం గాదు, జడ."

మర్నాటికి దొరబాబు అర్జీ కాగితాల దొంతరలో అట్టడుగుకు చేరింది. ఆ సాయంత్రమే దొరబాబు గ్రూపులో చేరాడు.

"మట్టి బొమ్మలా?" వేదవల్లి రొయ్యలు ఒలుస్తూ తలెత్తింది. "పోయిన వారం బల్బు మార్చమంటే చేతులు వణకతా ఉండాయంటిరే?"

"అది కరెంటు. ఇది కళ."

"కళ షాకు కొట్టదా?"

"కొట్టదు."

"సరి. కొట్టినప్పుడు సెప్పండి, చెప్పులేసుకోని వస్తా."

మొదటి ఆదివారం పది గంటలకు ఫోను తెర మీద ముప్పై గళ్లు కనిపించాయి. సగం గళ్లలో నుదుళ్లు, రెండింటిలో సీలింగు ఫ్యాన్లు, ఒకదాంట్లో ఎవరిదో పెసరట్టు. నేర్పే అమ్మాయి కయల్విళి. ఆ అమ్మాయి చెప్పేదంతా తమిళమే గానీ మన కోసం తెలుగులోనే అనుకుందాం. "నిమ్మకాయంత మట్టి తీసుకోండి. అందులో ఉసిరికాయంత ఒళ్లు, శనగగింజంత తల" అంది. మేట్టుపాళయం గిడ్డంగిలో పనిచేసే రవిచంద్రన్ తన మైకు ఆపడం ఎన్నడూ నేర్చుకోలేదు కాబట్టి, లారీలు వెనక్కి వస్తున్న కేకల మధ్య అందరూ తలలు చేశారు.

గ్రూపుకు ప్రాణం కుప్పమ్మాళ్. రిటైరైన పంతులమ్మ. ముప్పై ఏళ్లు బడిలో ఏ పిల్లనీ ముప్పై అయిదు మార్కులు దాటనివ్వని మనిషి, ఇక్కడ దేనికైనా 'సూపర్' అని పెట్టేది. "మా ఇంట్లో కరెంటు పోయింది, క్లాసుకు రాలేను" అని ఎవరో రాసినా సూపరే.

కూర్చున్న ముసలాయన్ని చేయమంటే దొరబాబు చేతిలో కూర్చుని లేవలేని ఇడ్లీ వచ్చింది. కుప్పమ్మాళ్ సూపర్ అంది. అనంతరామన్ గారు తన గడిలో కళ్లద్దాలు తుడుచుకున్నారు.

క్లాసు అయిపోయాక వేదవల్లి చేతులు కడుక్కుని వచ్చి, బల్ల మీద మిగిలిన మట్టి తీసుకుంది. తలలో హెయిర్‌పిన్ను తీసింది, దువ్వెన అందుకుంది. పది నిమిషాల్లో బల్ల మీద బొటనవేలంత ఆడమనిషి లేచి నిలబడింది. నెత్తిన చేపల గంప, నడుం మీద చెయ్యి, బేరమాడే నోరు. కొప్పు మీద దువ్వెన పళ్లతో గీసిన వెంట్రుకలు.

"ఒసే, ఇది మనింటికి చేపలు తెచ్చే అముద!" అన్నాడు దొరబాబు. ఇంకాసేపు చూస్తే అది ధర చెప్పి అరుస్తుందేమోనని భయమేసింది.

ఫొటో తీసి గ్రూపులో పెట్టాడు. కింద చేసినవారి పేరు రాయాలి. వేలు 'వే' అనే అక్షరం దాకా వెళ్లింది కూడా. అంతలో అనంతరామన్ గారి మాట తెర మీద వెలిగింది. 'దొరబాబూ, ఇది నీదేనా?'

'ఆయ్, నాదేనండి' అని కొట్టేశాడు. ఇంట్లో ఉన్నదంతా యజమానిదే కదా అని మనసుకు నచ్చజెప్పాడు. మనసు పాపం ప్రభుత్వోద్యోగి మనసు, వెంటనే ఒప్పుకుంది.

అప్పట్నుంచి ప్రతి ఆదివారం దొరబాబు ఫోను కెమెరాకు జబ్బు చేసేది. వేదవల్లి పక్కన కూర్చుని క్లాసు వింటూ చేస్తే, ఇతను ఫొటో పెట్టేవాడు. పుదుచ్చేరి ఎర్ర టోపీ పోలీసు, సైకిలు మీద కూరలమ్మే తాత, పిండిని గాల్లోకి విసిరే పరోటా మాస్టరు. ఒకదాన్ని మించి ఒకటి. గ్రూపంతా దొరబాబు చేతులకు దండాలు పెట్టింది.

"గ్రూపులో ఏమంటా ఉండారు?" అని ఆశగా అడిగేది వేదవల్లి.

"బాగుందంటున్నారే."

"ఎవురు చేసిందని అడగలేదా?"

"కళాకారులు అలాంటివి అడగరు."

అయిదో వారానికి అర్జీ దొంతర పైకి వచ్చింది. బుధవారం అనంతరామన్ గారు అతని భుజం తట్టి, "సోమవారం నీ కాగితం మీద సంతకం పెడతానప్పా. నువ్వు యానాం పోతే మాకు నష్టమే. అందుకని ఈ ఆదివారం నీకు గ్రూపులో సెండాఫ్. కెమెరా రిపేరు చేయించు. అందరూ చూస్తా ఉండంగా నా బొమ్మ చెయ్యాల" అన్నారు. అన్నదే గాక గ్రూపులో కూడా రాసేశారు.

దొరబాబుకు రెండు రోజులు అన్నం సయించలేదు. శనివారం ఉదయం, బట్టలు మడతపెడుతున్న భార్య ముందు నిలబడి సగం నిజం కక్కాడు. బొమ్మల సంగతి చెప్పాడు. యానాం సంగతి మింగాడు.

"అంటే అముదను చేసింది మీరా?" వేదవల్లి తువ్వాలు దులిపింది.

"ఊఁ. గ్రూపులో."

"పోలీసును?"

"వాణ్ని కూడా."

"పరోటా మాస్టరును?"

"చెప్పాను కదే. మొత్తం జట్టంతా నాదే."

అరుస్తుందని కళ్లు మూసుకున్నాడు. అరుపు రాలేదు. "సరి పోనీండి. రేపు కెమెరా ముందర మొగం మీరు పెట్టండి. చేతులు నేను పెడతా" అంది. పాతికేళ్ల కాపురంలో వేదవల్లి దేన్నీ ఇంత తేలిగ్గా పోనివ్వలేదు. దొరబాబుకు ఆ సంగతి అప్పుడు తట్టి ఉండాల్సింది.

ఆదివారం ఏర్పాట్లు ఇలా జరిగాయి. దొరబాబు కుర్చీలో కూర్చుని రెండు చేతులూ వీపు వెనక్కి పెట్టుకున్నాడు. వేదవల్లి వెనక ముక్కాలి పీట మీద కూర్చుని, అతని చంకల కింద నుంచి తన చేతులు ముందుకు చాపింది. మీద అతని పాత పొడుగు చేతుల చొక్కా కప్పి, ఆ చొక్కా చేతుల్లో ఆవిడ చేతులు దూర్చారు. మెడ చుట్టూ శాలువా. గాజులు మోచేతుల దాకా తోసేసింది.

"నీకేమీ కనబడకుండా ఎలా చేస్తావే?"

"మీ చంక సందులో నాకు లోకమంతా కనపడతా ఉండాది. మీరు కదలకుండా ఉండండి, చాలు."

క్లాసు మొదలైంది. గళ్లన్నీ నిండాయి. "ఏమప్పా, నీ చేతులు ఇంత తెల్లగా ఉండాయే!" అన్నారు అనంతరామన్ గారు.

"మట్టి మహిమండి" అన్నాడు దొరబాబు. కుప్పమ్మాళ్ సూపర్ అంది.

"ముందుగా సార్ గారి గంభీరమైన నుదురు మలుద్దాం" అని దొరబాబు ఉపన్యాసం ఎత్తుకున్నాడు. చేతులు ఒక బొజ్జను ఉండ చేసి బల్ల మీద కూర్చోబెట్టాయి. "అంటే... నుదుటికి పునాది బొజ్జ అన్నమాట."

ముక్కు దురద పెట్టింది. పెదవులు కదపకుండా "ముక్కే, ముక్కు" అని గొణిగాడు. ఒక చెయ్యి పైకి లేచి, తడుముకుంటూ వచ్చి, మీసం నిండా మట్టి మెత్తి వెళ్లిపోయింది.

"కళాకారుడు మట్టిలో కలిసిపోవాలండి" అన్నాడు దొరబాబు, నోట్లో పడిన దాన్ని మింగి.

బల్ల మీద మనిషి తయారవుతున్నాడు. కుర్చీ, శాలువా, జేబులో వంకరగా పెట్టిన పెన్ను. చివర్న మీసం.

"నాకు మీసం లేదే?" అన్నారు అనంతరామన్ గారు.

"రాబోయే మీసమండి. ఊహ."

"అన్నా, ఆయనకు చేతులు పెట్టడం మరిచిపోయారు" అంది కయల్విళి.

దొరబాబు కిందికి చూశాడు. నిజమే, భుజాల దగ్గర మట్టిని నున్నగా మూసేసి ఉంది. "వల్లీ, చేతులు, చేతులు" అని గొణిగాడు. చేతులు వినలేదు. నిమ్మకాయంత కొత్త మట్టి తీసుకుని రెండో బొమ్మ మొదలుపెట్టాయి. అది ఆడమనిషి. కొప్పు, కొప్పు మీద దువ్వెన గీతలు. ఆ మనిషిని తీసుకెళ్లి కుర్చీ వెనక కూర్చోబెట్టాయి. రెండు సన్నని మట్టి చేతులు చేసి మగమనిషి చంకల కింద నుంచి ముందుకు లాగాయి. ఆ చేతుల్లో ఆవగింజంత మట్టిముద్ద కూడా పెట్టి, ఇక చాలన్నట్టు ఒకదాన్నొకటి దులుపుకున్నాయి.

ముప్పై గళ్లలోనూ చప్పుడు లేదు. మేట్టుపాళయంలో లారీలు కూడా ఆగిపోయాయి.

ముందు కయల్విళి నవ్వింది. తర్వాత తెర మొత్తం నవ్వింది. శాలువా పక్కకు జారి, దొరబాబు భుజం మీద రెండో తల మొలిచింది.

"నమస్కారం సార్" అంది వేదవల్లి. "మీ బొమ్మ చెయ్యలేదని కోపం పెట్టుకోకండి. కండ్ల ముందర ఉండేది చేసినా."

"అంటే... అముద, పోలీసు, సైకిల్ తాత?" అనంతరామన్ గారు కళ్లద్దాలు తీసేశారు.

"అందురూ నా బిడ్డలే సార్. ఇంటిపేరు మాత్రం ఆయన తనది పెట్టినాడు."

దొరబాబు నోరు తెరిచాడు. మట్టి తప్ప ఏమీ బయటికి రాలేదు.

"గురువారం చేపల మార్కెట్లో కుప్పమ్మాళ్ అక్క నన్ను పట్టుకోని కండ్లనీళ్లు పెట్టుకునింది సార్, మీ ఆయన యానాం పోతే గ్రూపుకి కళ పోతాదని. ఊరు మారేది నాకే తెలీదు, సంతలో తెలిసింది."

ఈసారి ఎవరూ నవ్వలేదు. కుప్పమ్మాళ్ తన కెమెరా ఆపేసుకుంది. అనంతరామన్ గారు కళ్లద్దాలు మళ్లీ పెట్టుకుని, "దొరబాబూ, సోమవారం సంతకం సంగతి ఏం చెయ్యమంటావ్?" అన్నారు.

జవాబు వేదవల్లే ఇచ్చింది. "పెట్టండి సార్. ఆయన్ని సంతోషంగా పంపించండి. మొగం యానాం పోతాది. చేతులు ఈడే ఉంటాయి."

కయల్విళి అక్కడికక్కడే గ్రూపులో వేదవల్లి పేరు చేర్చింది. వచ్చే వారం నుంచి క్లాసులో సగం సేపు ఆవిడే నేర్పాలంది. అనంతరామన్ గారు ఇంతలా నవ్వాక తన రక్తపోటు మాత్ర ఆ రోజుకు మానేయవచ్చేమోనని పైకే అనుకుంటూ తెర మీద నుంచి వెళ్లిపోయారు. మర్నాడు దొరబాబు ఆఫీసుకు వెళ్లి, ఎవరూ అడగకుండానే, తన అర్జీ తనే వెనక్కి తీసుకున్నాడు.

కానీ ఆదివారం మధ్యాహ్నం సంగతి ఇంకా ఉంది. మీసం కడుక్కుని వచ్చిన దొరబాబు బల్ల దగ్గర కూర్చుని ఆ జంట బొమ్మను చాలాసేపు చూశాడు. జేబులో పెన్ను అతను పెట్టుకునే వంకరలోనే ఉంది. బొజ్జ మాత్రం ఉన్నదానికంటే కాస్త తగ్గించే చేసింది.

"గురువారమే తెలిసినప్పుడు గురువారమే నాలుగు తిట్టి ఉంటే పోయేది కదే" అన్నాడు.

"ఇంట్లో తిడితే ముప్పై మంది చూస్తారా?"

వేదవల్లి బల్ల తుడుస్తూ తుడుస్తూ ఆగింది.

"యానాం పోవాలని ఉండాదని నన్ను ఒక్క మాట అడగొచ్చు గదా?"

"అడిగితే వచ్చేదానివా?"

ఆవిడ నిజంగానే ఆలోచించింది. "రాను."

"మరింకెందుకే అడగడం?"

"అడిగినారని రెండు దినాలు ఆలోచించి, దాని తర్వాత రానని సెప్పుందును."

దొరబాబు ఆ మట్టి జంటను బల్ల అంచు నుంచి లోపలికి జరిపాడు. అంతలో వేదవల్లి గిన్నెడు గట్టి మట్టి, చెంబుడు నీళ్లు తెచ్చి అతని ముందు పెట్టింది.

"సాయంత్రానికి మెత్తగా పిసికి పెట్టండి. రెండు చేతుల్తో."

దొరబాబు చొక్కా చేతులు పైకి మడుచుకున్నాడు.