నలభై తొమ్మిది నాటి నిబంధనలు

అమెరికాలోని హెర్న్‌డన్‌లో రెండో ప్రపంచయుద్ధం అయ్యాక కట్టిన ఎనభై ఇళ్ల పాత కాలనీకి కొత్త ప్రెసిడెంట్‌గా ఎన్నికైన ఫణిగారు, 1949 నాటి నిబంధనలను అక్షరం పొల్లుపోకుండా అమలు చేస్తామని ప్రకటించారు. ప్రకటన వాట్సాప్‌లో రెండు భాషల్లో వెలువడింది. తెలుగులో తమను తాము దార్శనికులని చెప్పుకున్నారు. ఇంగ్లీషులో కాస్త మొహమాటపడ్డారు.

అసలు గురి నాలుగో నంబరు ఇంటి బేస్‌మెంట్ మీద. అందులో ప్రేమానందం భార్యాపిల్లలతో అద్దెకుంటున్నాడు. పాత నిబంధనల ప్రకారం ఒక ఇంట్లో ఒకే కుటుంబం ఉండాలి.

"స్కూల్ ఇయర్ మధ్యలో పిల్లల్ని తీసుకుని ఎక్కడికి పోను అన్నా? మీరూ బేస్‌మెంట్‌లోనే స్టార్ట్ చేశారు కదా," అన్నాడు ప్రేమానందం.

"చేశాను. అందుకే ఆ బాధ నీకొద్దంటున్నా," అన్నారు ఫణిగారు.

ఎంత జాలిగుండె!

"ఆ పేపర్ మీరు చదివారా?" అని ఇంట్లో ఫణిగారి భార్య రాధారాణి అడిగింది.

"అమెరికా గ్రేట్‌గా ఉన్న రోజుల్లో రాసింది, రాధా. చదివి చెక్ చేయాలా?"

ప్రమాణస్వీకారం రోజున కౌంటీ ఆఫీసు నుంచి తెప్పించిన నిబంధనల నకలును క్లబ్‌హౌస్‌లో బల్లమీద పెట్టి, నాలుగు మూలలా పసుపు కుంకుమ అద్ది, కొబ్బరికాయ కొట్టారు. యాక్సెంట్ బాగుంటుందని చదివే బాధ్యత కూతురు కృతికి అప్పగించారు. ఆరు నిబంధనలకు సభ చప్పట్లు కొట్టింది.

ఏడోది ఇది: తెల్లజాతివారు తప్ప ఇతరులెవరూ ఈ కాలనీలో నివసించరాదు. వారి ఇళ్లలో పనిచేసే నౌకర్లకు మినహాయింపు.

కృతి తలెత్తింది. "డాడీ, దిస్ ఈజ్ అస్ కదా? మనం ఇక్కడ ఉండకూడదా?"

ఫణిగారి చేతిలో కొబ్బరిచిప్ప అలాగే ఉండిపోయింది. ఇల్లు, పచ్చిక, పదవి అన్నీ ఒక్కసారిగా కాళ్లకింద నుంచి జారిపోయినట్టయింది. పాపం, ఆయనకు నిజంగానే భయమేసింది.

పక్కింటి తెల్ల పెద్దాయన భుజం తట్టాడు. "కంగారుపడకు ఫణీ. ఆ రూల్‌ని కోర్టులు ఎప్పుడో కొట్టేశాయి. అది చెల్లదు."

"మరి మిగతావి?"

"అవి చెల్లుతాయి."

ఫణిగారి ముఖంలోకి కళ తిరిగొచ్చింది. వెనక వరసలో ప్రేమానందం ఆశగా లేచి నిలబడ్డాడు. "అన్నా, ఇప్పుడైనా..."

"నెలాఖరుకి ఖాళీ చేసేయి తమ్ముడూ. ట్రక్ నేనే బుక్ చేస్తా."

తర్వాత పసుపు గిన్నెలో బొటనవేలు ముంచి, ఏడో నిబంధన మీద అక్షరం కనబడకుండా మందంగా పూశారు. మర్నాడే ఆ కాగితానికి ఫ్రేము కట్టించి క్లబ్‌హౌస్ గోడకు తగిలించారు.