వాతాయన విజయము

సహస్రకిరణుడు నడినెత్తి దాటి పడమటి గోడలను పెనంలా కాలుస్తున్న వేళ, పంకా మూలిగి మూలిగి ప్రాణత్యాగం చేసిన రెండవ అంతస్తు ఉపన్యాసమందిరంలో, ఐదేళ్ళుగా పసిగ్రహాల పుట్టుపూర్వోత్తరాలను శోధించి కళ్ళజోడు మందం పెంచుకున్న పరిశోధకురాలు, ఖాళీ కుర్చీల మహాసైన్యం ఎదుట ఏకాకియై నిలిచింది. పూర్తిగా ఏకాకి కాదులెండి. ముందు వరుసలో ఆమె వదిన ఫైలు అట్టతో విసురుకుంటూ కూర్చుని ఉంది.

వినవచ్చిన విద్వద్వరేణ్యులు గుమ్మం దాకా వచ్చేవారు. లోపలి ఉష్ణప్రభంజనం ముఖాన కొట్టగానే, "టీ తాగొస్తాం" అంటూ పలాయనం చిత్తగించేవారు. గురువర్యుడు గుమ్మం బయటనే నిలిచి చెమట తుడుచుకుంటూ ఘోరశాపం పలికాడు.

"ఇంకాసేపు చూద్దామమ్మా. ఎవరూ కూర్చోకపోతే నీ పట్టా ప్రసంగం వచ్చే ఏడాది పెట్టుకుందాం. పట్టా ఎక్కడికీ పోదులే."

ఇంకో ఏడాది! పరిశోధకురాలికి నిజంగానే ఏడుపు ముంచుకొచ్చింది.

"ఊరుకో. నువ్వు చెప్పబోయేదేంటో నాకైనా చెప్పు, వింటాను," అంది వదిన.

"పసి గ్రహం చుట్టూ గాలి చేరుతుంది వదినా. అందులో వేడి చిక్కుకుపోతే ఉబ్బి కూర్చుంటుంది, కొత్త గాలికి చోటివ్వదు. ఇక గ్రహానికి ఎదుగూ బొదుగూ ఉండదు. ఆ వేడి బయటికి పోతేనే కొత్తది లోపలికి..."

తెరిచిన నోరు తెరిచినట్టే ఉండగా, ఆమె కిటికీ వైపు తిరిగింది.

తూర్పు నీడ వైపున్న ఆ కిటికీ సామాన్యమా! మొన్ననే రంగులు వేసినవారు రెక్కనూ చట్రాన్నీ ఏకం చేసి పూసేయగా, వజ్రలేపకవచధారియై, దుర్భేద్యదుర్గసమానమై, పిడి పట్టి లాగిన ప్రతివాడినీ పరిహసిస్తూ వెలిగిపోతోంది. పరిశోధకురాలు స్టీలు స్కేలు ఝళిపించి గర్జించింది.

"ఓరీ వర్ణలిప్తకవాటమా! గ్రహాల వేడి అంతరిక్షంలోకి జారిపోవు తీరును లెక్కగట్టిన దానను! ఈ గదిలోని వేడిని నా కళ్ళెదుటే బంధించెదవా? నేడు నీవో, నేనో!"

"అరిస్తే ఊడదు. సందులో పెట్టి కొయ్యి," అంది వదిన, తానూ లేచి.

అంతట సంకులసమరం చెలరేగింది. స్కేలు వంగింది. గోరు విరిగింది. రంగు పెచ్చులు రణధూళియై ఎగసి వీరవనితల శిరస్సులను ధవళితం చేశాయి. వదినామరదళ్ళు భుజం భుజం కలిపి, పళ్ళు బిగించి, ఒక్క ఉదుటున తోయగా, కిటికీ కుయ్యోమని ఆర్తనాదం చేసి రెండు వేళ్ళ మేర తెరుచుకుంది. అంతకు మించి వెంట్రుకవాసైనా కదలలేదు.

చాలు! వేడి బయటకు నడిచింది, చల్లగాలి లోపలికి వచ్చింది, గాలి వెంట మనుషులు వచ్చారు. ఒకరిని చూసి ఒకరు కూర్చున్నారు. గురువర్యుడు కూడా కుర్చీ లాక్కుని, "ఇక మొదలుపెట్టమ్మా," అన్నాడు. ఆమె గొంతు మొదటి మాటకు వణికింది, రెండో మాటకు వణకలేదు.

రెండు వేళ్ళ రాజ్యాన్ని గెలిచిన ఆ వీరవనితలకు జయము జయము! ఈ వాతాయనవిజయం చదివినవారి గదుల్లో ఉక్క నిలువకుండు గాక. విన్నవారు నోరు విప్పిన చోట కుర్చీలు చాలకుండు గాక!